బొటనవేలి కింద మైనస్

సత్తెనపల్లి రోడ్డు పక్క పత్తిచేలో ఏజెంట్ యలమందను కాల్చి చంపేశారు. పోయేముందు ఫోన్‌లో ఒక్క సమీకరణం మాత్రం చెప్పగలిగాడు: 3x − 4y = 24.

"విదేశీ ముఠా కోడ్ అది. మాధురి గారు విప్పి చెబుతారు," అన్నాడు చీఫ్ రామమూర్తి, గుంటూరు సేఫ్ హౌస్‌లో.

మాధురి డబుల్ ఏజెంట్, ముఠాలో ఉంటూ చీఫ్‌కి కబుర్లు అందిస్తుంది. పట్టుచీర, ఖరీదైన సెంటు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. పైకి కోచింగ్ సెంటర్‌లో లెక్కల మేడమ్. ఏజెంట్ తేజశ్రీకి ఇంటర్‌లో లెక్కలు చెప్పింది ఆవిడే.

"అద్దంకి రోడ్డు X అక్షం," అంది మాధురి. " దాన్ని దాటే కాలవ Y అక్షం. వంతెన మూలబిందువు. తూర్పు, ఉత్తరం ప్లస్. లెక్క కిలోమీటర్లలో. ఈ గీత రెండు అక్షాలనూ కోసే చోట రెండు మిరప కోల్డ్ స్టోరేజీలు. అమోనియా ట్యాంకుల కింద టైం బాంబులు. నాలుగింటికి పేలతాయి."

తేజశ్రీ మాధురి నేర్పిన కిటుకే వాడింది. y పదాన్ని బొటనవేలితో మూసింది. 3x = 24, x ఎనిమిది. తర్వాత 3x మూసింది. y ఆరు.

"రోడ్డు మీద తూర్పుకి ఎనిమిది. కాలవ మీద ఉత్తరానికి ఆరు."

మాధురి నవ్వి ఊరుకుంది.

"తూర్పుకి స్క్వాడ్ వెళ్తుంది. కాలవవైపు నువ్వు," అన్నాడు చీఫ్. గొంతు తగ్గించాడు. "యలమంద వాళ్ళమ్మ కోటేశ్వరి ఆ కాలవ పక్కనే ఎక్కడో మిరపకాయల తొడాలు తుంచే కూలిపని చేస్తుంది. ఆవిడకింకా చెప్పలేదు."

కొడుకుని ఎలాగూ దక్కించలేకపోయాం, తల్లినైనా కాపాడాలి అనుకుంది తేజశ్రీ. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడిగి, ముఖానికి గుడ్డ చుట్టి, కూలీ వేషంలో బైక్ ఎక్కింది.

ఉత్తరాన ఆరో కిలోమీటర్ దగ్గర కోల్డ్ స్టోరేజీ ఉంది. తాళం తుప్పుపట్టింది. ఘాటు లేదు, దగ్గు రాలేదు. అక్కడ ఏళ్ళ తరబడి మిరపకాయ దించినట్టే లేదు.

మట్టిలో సమీకరణం రాసింది. ఈసారి వేలు పెట్టలేదు. x సున్నా అయితే −4y = 24. y మైనస్ ఆరు. అంటే దక్షిణం.

ఫోన్ చేసింది. "మైనస్ ఎటు పోయింది మేడమ్?"

"నీ బొటనవేలి కింద." మాధురి గొంతు తాపీగా ఉంది. "ప్రతి బ్యాచ్‌లోనూ అక్కడే పోయేది. నేను అబద్ధం చెప్పలేదు, తేజా. కోడ్ నీకోసమే రాశాను."

ఫోన్‌లో పెనుగులాట వినిపించింది. తర్వాత చీఫ్ గొంతు. "ఈవిడ దొరికింది. తూర్పున బాంబు తీసేశారు. దక్షిణానికి ఫోన్లు కలవట్లేదు, జామర్ పెట్టారు. టైముకి వేరేవాళ్ళు చేరలేరు. నువ్వే పో."

కాలవగట్టు మీద బైక్ ఎగిరెగిరి పడింది. దక్షిణాన ఆరో కిలోమీటర్ కోల్డ్ స్టోరేజీ చేరేసరికి ఆడవాళ్ళు కాయల రాశుల చుట్టూ కూర్చుని తొడాలు తీస్తున్నారు. కూలీ వేషాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ట్యాంకు కింద ఎర్ర అంకెలు పరుగెడుతున్నాయి. జడపిన్నులో దాచిన కట్టర్‌తో తీగ తెంచింది. అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

బయటికొచ్చి కాయల రాశి దగ్గర ఆగింది. ఒక పెద్దావిడ పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఏ ఊరమ్మా మనది? గుంటూరా? మా యలమంద కూడా అక్కడే ఉజ్జోగం. పొద్దుట్నుంచీ ఫోను ఎత్తట్లేదు. ఎప్పుడన్నా చూశావా వాణ్ణి?"

తేజశ్రీ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి.

కోటేశ్వరి తన కొంగుతో తుడిచింది. "కొత్తగదా, ఘాటు పడలేదు. రెండ్రోజులు పోతే అలవాటైపోద్దిలే."