నగారా వినబడినంత మేర ఊరు

నల్లగుండ్లదుర్గం కోట బురుజెక్కి చూస్తే ఆ రోజుల్లో నేల కనబడేది కాదయ్యా, అంతా ఇళ్ళ కప్పులే. ఒక కప్పు మీద బయల్దేరిన పిల్లి నేల మీద కాలు పెట్టకుండా ఊరంతా తిరిగి, అయిదిళ్ళ పాలు తాగి, మళ్ళీ తన కప్పు మీదికే వచ్చి పడుకునేది. ఒకింట్లో తుమ్మితే ఏడిళ్ళవతల ముసలమ్మ చిరంజీవ అనేది. సాలెవీధిలో మగ్గం గుంటలు ఎంత దగ్గరంటే, ఒకడు కాలాడిస్తే పక్కవాడి పంచె నేత సాగేది. నమ్మకపోతే మానండి, ఆ పంచె కట్టుకున్నోళ్ళు నమ్మారు.

ఆ ఊరి చుట్టూ, నాలుగు దిక్కులా, అడవి. ముందు రేగుకంప, దాని వెనక కోసుల కొద్దీ వెదురు. ఆ వెదుళ్ళలో దూరిన పాము కుబుసం విడిస్తే గాని బయటికి రాలేకపోయేది. మూడు సైన్యాలు మూడుసార్లు అందులో ఇరుక్కుని, తలపాగాలు కంపకి తగిలించి బోడి నెత్తుల్తో పారిపోయినై. కోటలో బావులన్నిటికీ ఊట కూడా ఆ వెదుళ్ళ కిందనుంచే.

ఊరికీ అడవికీ తగువు రాకుండా కోట కట్టినోళ్ళు ఒక కట్టడి పెట్టిపోయారు. ఏటా మృగశిర కార్తె మొదటిరోజు పొద్దున కోటగుమ్మం మీద నగారా కొడతారు. దళవాయి, అంటే సైన్యానికి పెద్ద, ఆ మోత వింటా అడవి వైపు నడుస్తాడు. ఎక్కడ ఆగి 'వినబడలా' అంటాడో అక్కడ ఎల్లరాయి పాతతారు. రాయికి ఇవతల ఇల్లు కట్టుకోవచ్చు. అవతల పుల్ల విరిస్తే చెయ్యి తీసేస్తారు. దళవాయి మాటకి రాజైనా ఎదురాడకూడదు.

అప్పటి దళవాయి గంగినీడు. పుట్టి నలభై ఏళ్ళలో అబద్ధమన్నది ఆడి ఎరగడు. పెళ్ళిచూపుల్లో పిల్ల వంట ఎట్టా ఉందంటే ఉప్పెక్కువైందని చెప్పి, అయినా ఆ పిల్లనే చేసుకున్న మనిషి.

మంత్రి కొమ్మన ప్రెగడది ఇంకో దారి. ఆయన ఒకనాడు కొలువులో కొత్త పేట పటం పరిచాడు. అడవంతా కొట్టేసి పదివేల ఇళ్ళు, నడిమధ్యన రాజవీధి, ఆ వీధిలో రెండేనుగులు ఎదురుపడ్డా ఒకదానికొకటి ఒరుసుకోవు. కుర్ర రాజు వల్లభరాజు పటం మీద వేలుపెట్టి తన పేర వీధి ఎక్కడని వెతుక్కుంటున్నాడు. గంగినీడు మాత్రం ఆ రాజవీధి కొస ఎటు చూస్తోందో చూశాడు. సూటిగా పగవాడు కొండవాగు రాజు పొలిమేరకి. ఆ రాజుకి నూటిరవై ఏనుగులున్నాయి, ఈ వెదుళ్ళ వల్ల అవి ఇటు రావడానికి దారే లేదు.

సాలెల పెద్ద కుప్పయ్య కూడా కొలువుకొచ్చి గోడు వెళ్ళబోసుకున్నాడు. అయిదుగురు కొడుకులు, నలుగురు కోడళ్ళు, ఒకటే గది, ఐదోవాడికి పిల్లనిచ్చేవాడు గుమ్మంలోనే వెనక్కి తిరిగిపోతున్నాడు. కుప్పయ్య చెప్పింది నిజం. గంగినీడు అక్కడే లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, జనానికి చోటు కావాలి, కాదనను. రేగుకంప బీడంతా ఇప్పించండి, ఆరువందల ఇళ్ళు పడతాయి. వెదురు మాత్రం ముట్టుకోవద్దు. వెదురు పోతే బావులు పోతాయి, బావులు పోయిన కోటని ఏనుగులు కూడా తొక్కక్కర్లేదు, నెల్లాళ్ళు కూచుంటే చాలు."

"దళవాయిగారికి వెదురుపొదలు మేనత్త బిడ్డలు," అన్నాడు ప్రెగడ. కొలువంతా నవ్వింది. "మనమెందుకు వాదులాడుకోవడం? నగారా చెప్పినట్టే చేద్దాం."

నగారా ఎంతుండాలో కట్టడిలో రాయలేదు. ప్రెగడ ఏనుగు తోలుతో కొత్తది చేయించాడు. పన్నెండుమంది మోస్తే గాని కదల్లేదు. మొదటి దెబ్బకి ఊళ్ళో పాలు తోడు పెట్టకుండానే పెరుగయినై. రెండో దెబ్బకి చూలు గేదెలు నెల ముందే ఈనినై. మూడో దెబ్బ కొట్టకుండా ఊరివాళ్ళే కాళ్ళు పట్టుకున్నారు.

గంగినీడుకి ఆ వారమంతా అన్నం సయించలా. ఈ మోత అడవి అవతలి కొస దాకా వినబడుద్ది. వినబడుద్దనక తప్పదు. వినబడలేదని బొంకితే ఇన్నేళ్ళ రాళ్ళన్నీ బొంకురాళ్ళవుతాయి, రేపు ఎవడికి ఎంత కావాలంటే అంత బొంకుతాడు.

మృగశిర నాడు ఊరంతా వెనకాల నడిచింది. రాజు పల్లకీ, ప్రెగడ గుర్రం, గొడ్డళ్ళు పట్టుకుని మూడొందలమంది. నగారా మోగుతోంది. పాత ఎల్లరాయి దాటాడు. వినబడతానే ఉంది. రేగుబీడంతా నడిచాడు, ఆకులు సైతం ఆ మోతకి వణుకుతున్నై. బీడు అయిపోయి మొదటి వెదురుపొద వచ్చేసరికి ఆగాడు. పక్కనున్న తుమ్మకొమ్మ నుంచి రెండు ముళ్ళు విరిచాడు, జానెడేసివి. ఏం చేస్తున్నాడో జనానికి తెలిసేలోపల ఒకటి కుడిచెవిలో, ఒకటి ఎడంచెవిలో.

నెత్తురు భుజాల మీద కారుతుండగా వెనక్కి తిరిగాడు.

"ఇక్కడ నాకు వినబడలా. రాయి పాతండి."

ఇది మోసమని ప్రెగడ గుర్రం మీదనుంచి గొంతు చించుకుని అరిచాడు. రాజు పల్లకీ దిగి వచ్చి దళవాయి మొహంలోకి చూసి, కట్టడిలో ఉన్నది దళవాయి చెవే గాని ఊరి చెవి కాదన్నాడు. రాయి అక్కడే దిగింది. రేగుబీడులో ఆరువందల ఇళ్ళు లేచినై, కుప్పయ్య ఐదో కొడుక్కి పెళ్ళయింది.

కార్తీకంలో కొండవాగు ఏనుగులు వచ్చినై. పటంలో రాజవీధి గీసిన చోటుకి సరిగ్గా వచ్చి, వీధి లేక, వెదుళ్ళలో ఇరుక్కుని ఘీంకరించినై. తొండాలకి వెదురుముళ్ళు దిగి తమ సైన్యాన్నే తొక్కుకుంటూ తిరిగిపోయినై. ఆ దారీ ఈ పటమూ ఒకటేనని గంగినీడు రాజుకి చూపించాడు. పటం పగవాడికి తనే చేర్చాడనడానికి రుజువేదన్నాడు ప్రెగడ. ఆ మాట గంగినీడుకి వినబడలేదు, పెదాలు కదలడం మాత్రం కనబడింది.

ఏడాది తిరిగింది. చెవుడొచ్చిన దళవాయి నగారా ఎట్టా వింటాడని ప్రెగడ మళ్ళీ లేచాడు. వినేవాణ్ణి ఊరినే ఎంచుకోమన్నాడు రాజు. ఊరు కుప్పయ్యని ఎంచుకుంది. ప్రెగడ మీసం దువ్వుకున్నాడు, నలుగురు పాత కోడళ్ళ మధ్య నలిగిన మనిషి ఇంకాస్త చోటు వద్దంటాడా అని.

గంగినీడు కూడా వెళ్ళాడు. కొత్త ఎల్లరాయి దగ్గర నిలబడ్డాడు. పాదాల కింద నేల అదురుతోంది, అంటే నగారా మోగుతోంది. పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తున్నారు, తల్లులు ఎత్తుకుంటున్నారు. కుప్పయ్య రాయి ముందు ఆగి ఏదో అన్నాడు. ప్రెగడ మొహం మాడిపోయింది. అతను జనం వైపు తిరిగి చెయ్యి ఊపుతా ఏదో గద్దించి అడిగాడు. జనమంతా, ముసలీ ముతకా, ఆడా మగా, ఒకే మాట అన్నారు. అందరి పెదాలూ ఒకే తీరున కదిలినై, నిరుడు ఇదే చోట తను అన్న మాటకి మల్లే. గొడ్డళ్ళవాళ్ళు గొడ్డళ్ళు దించుకుని వెనక్కి మళ్ళారు.

గంగినీడు నెమ్మదిగా కుప్పయ్య దగ్గరికి వచ్చాడు.

"నిజమే చెప్పావా కుప్పయ్యా?"

కుప్పయ్య ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు. నేల ఇంకా అదురుతోంది. చేతులు జోడించి, తలొంచుకుని, అవునన్నట్టు ఊపాడు.