సోమాచారి పేరున్న పిన్ను

ఈ కథ నాకు మొదట చెప్పింది ఎల్లేశం. బాలానగర్‌లో స్లైడింగ్ హెడ్ లేత్‌కు కడ్డీలు ఎక్కించే ఎల్లేశమే, వేరే ఎల్లేశం కాదు. దీన్ని ఇప్పుడు నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. వాళ్లలో ఒక్కడు కూడా ఆ రోజు మిషన్ల షాపులో లేడు. ఎల్లేశం ఉన్నాడు.

ఆ రోజు రెండో పిన్ను కూడా పనిచెయ్యలేదు.

పై అంతస్తులోని ఆపరేషన్ థియేటర్ నుంచి కబురు వచ్చేసరికి డాక్టర్ నఫీసా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ మిషనుకు పని నేర్పిన ఇంజనీరు ఆమే.

"ఇదీ బిగిసిపోయిందట. చెవిలో కదలట్లేదు. కదలకపోతే వినపడదు. మాణిక్యం గారి చెవి ఇంకొక్కసారికే ఓర్చుకుంటుందన్నారు. అదీ తప్పితే ఇక జన్మలో వినపడదు."

టర్నర్ సోమాచారి కొలత చూసే గేజిని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. అది తుడిచే ఉంది.

బాలానగర్ ఇప్పుడు పాత బాలానగర్ కాదు. రేకుల షెడ్లు పోయాయి. అదే జాగాలో కింద మిషన్లు, పైన ఆసుపత్రి. చెవి లోపల శబ్దాన్ని మోసే చిన్న ఎముక పాడైతే, దాని బదులు పెట్టే టైటానియం పిన్నును మనిషి బల్ల మీద పడుకుని ఉండగానే కింద చేసి, గొట్టంలో పైకి పంపుతారు. అరచేతిలో వేసుకుంటే గాలికి పోయేంత పిన్ను.

మామూలు లేత్‌లో కడ్డీ ఒకచోట తిరుగుతుంటే ఉలి దాని వెంట నడుస్తుంది. కడ్డీ సన్నగా, పొడుగ్గా ఉంటే ఉలి తగలగానే వంగి తప్పుకుంటుంది. స్లైడింగ్ హెడ్‌లో ఉలి ఉన్నచోటే ఉంటుంది. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు, కడ్డీయే గైడ్ బుష్ అనే బిగువైన రంధ్రంలోంచి ముందుకు వస్తుంది. వచ్చిన చోటే కోత. వంగడానికి జాగా ఉండదు.

ఇదంతా ముందునుంచీ ఉన్నదే. నఫీసా కొత్తగా కలిపింది చేతి జ్ఞాపకం. డ్రాయింగు కొలతకు పై హద్దూ కింది హద్దూ చెప్పి ఊరుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో చెయ్యి చెప్పాలి. అందుకని సోమాచారి మణికట్టుకు సెన్సర్లు కట్టి, పాత లేత్ మీద అతను చేసిన ప్రతి పనినీ ఈ మిషనుకు నేర్పింది. ఏ లోహం, ఏ కొలత, ట్రే మీద ఎవరి పేరు, అన్నీ.

ట్రే మీద పేరుండేది. ఈ షాపు పద్ధతి అది. టర్నర్ చేసిన ముక్క, దాన్ని అమర్చి బిగించే ఏ ఫిట్టర్ బల్లకు పోవాలో ఆ ఫిట్టర్ పేరు. పైన ఆపరేషన్ బల్ల మీదున్న మాణిక్యం ఈ షాపు ఫిట్టరే.

సోమాచారికీ అతనికీ మాటల్లేవు. పాత లేత్ కొన్న ఏడాది, ఆయుధ పూజనాడు, గుమ్మడికాయ కొట్టాల్సింది సోమాచారి. కొత్త మిషనుకు ఎవరు కాయ కొడితే వాళ్లే దాని పెద్ద. అతను పసుపు కోసం బయటికి వెళ్లి వచ్చేసరికి మాణిక్యం కొట్టేశాడు. "ముహూర్తం పోతుంటే నీకోసం ఆగాల్నా?" అన్నాడు. అదే ఆఖరు మాట. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఏదున్నా ఎల్లేశం నోటితోనే.

ఆనాటి నుంచి మాణిక్యం పేరున్న ట్రేలో ప్రతి ముక్కా వెంట్రుకంత లావుగా వెళ్లేది. డ్రాయింగు దాటి కాదు. సోమాచారి చేతినుంచి హద్దు దాటిన ముక్క ఎన్నడూ పోలేదు. పై హద్దుకు ఆనించి ఆపేవాడు, అంతే. ఎవరూ తప్పుపట్టలేరు. మాణిక్యం మాత్రం గరుకు ఎమరీ కాగితం పట్టుకుని రుద్దుతూ కూర్చోవాలి.

"మిగతావాళ్లందరికీ సరిపోయాయి," అంది నఫీసా. "ఈయనవి రెండూ పై హద్దుకు ఆనుకుని ఉన్నాయి. కడ్డీ అదే, ఉలి అదే, ప్రోగ్రామూ అదే. ఏం తేడా, చారి సాబ్?"

"హద్దు దాటలే గద మేడమ్."

"దాటలేదు. అదే నాకర్థం కావట్లేదు."

కడ్డీలు తుడుస్తున్న ఎల్లేశం తల ఎత్తలేదు. "మిషను నా శిష్యురాలని ఊరంతా చెప్పుకుంటివి గదనే చారీ. మంచిగనే నేర్చింది."

సోమాచారికి చేతులు రెండూ మొద్దుబారినట్టయింది. బాధ కాదు, భయం కాదు. రోజంతా పాత లేత్ హ్యాండిలు తిప్పి దిగినప్పుడు ఉండేది, అలా. మిషను తెర మీద, ట్రే పేరుండే చోట ఉన్న మాణిక్యం పేరు వైపు చూశాడు.

"ఆ పేరు తీసెయ్యున్రి. నా పేరు పెట్టి కొయ్యమనున్రి."

"మీ పేరు పెడితే ఏమవుతుంది?"

"పెట్టున్రి మేడమ్."

"పిన్ను మీద పేరు చెక్కుతుంది. ఆసుపత్రి రికార్డులోకీ అదే పోతుంది. తర్వాత మార్చాలంటే కారణం చెప్పాలి."

"తర్వాతి సంగతి తర్వాత."

నఫీసా అతని ముఖంలోకి చూసింది. పేరు మార్చింది. కడ్డీ ముందుకు జరిగింది, నూనె పారింది, పిన్ను తెగి పడింది. సరిగ్గా హద్దుల నడిమధ్య.

మాణిక్యానికి వినిపించింది.

కట్టు విప్పాక అతను కిందికి దిగి వచ్చాడు. మిషను పక్కన నిలబడి తల వంచి విన్నాడు. "ఎల్లేశం, చారికి చెప్పు. బేరింగు మొరుగుతున్నది. నూనె పొయ్యమను."

"చెప్తున్నడు, విన్నవా?" అన్నాడు ఎల్లేశం.

సోమాచారి విన్నాడు. నూనె పోశాడు.

కొన్నాళ్లకు గేటు సోమాచారికి తెరుచుకోవడం మానేసింది. చెవిలో పిన్నున్నవాళ్లు మిషన్ల దగ్గర పనిచెయ్యకూడదని కంపెనీ రూలు. భయం కొద్దీ పెట్టిన రూలే తప్ప అందులో పసలేదని నఫీసాయే అంది. కానీ రికార్డులో పిన్ను సోమాచారి చెవిలో ఉంది. మాణిక్యానివి పెట్టి తీసేసిన పిన్నులు, అతని చెవి ఖాళీ. మిషను బాధ్యత మాణిక్యానికిచ్చారు.

నఫీసా సోమాచారి ఇంటికి వెళ్లింది. "పేరెందుకు మార్చామో ఒక్కమాట చెప్పండి చాలు. నేను చెబితే కంపెనీవాళ్లు ఒప్పుకోవట్లేదు, మీరే చెప్పాలట."

"నా చెవులు మంచిగున్నయని చెప్పున్రి."

"అది కాదు, కారణం అడుగుతున్నారు."

"కారణం ఏం లేదు మేడమ్. చాయ్ తాగున్రి."

దసరాకు స్లైడింగ్ హెడ్‌కు మాణిక్యం గుమ్మడికాయ కొట్టాడు. సోమాచారి గేటు బయట నిలబడి ఉన్నాడు. కాయ పగిలిన చప్పుడు అతనికి స్పష్టంగా వినపడింది.

చదువుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఆ కంపెనీ ఆఫీసుకు పోయి రికార్డు దిద్దించండి. సోమాచారి చెవిలో ఏ పిన్నూ లేదు. మిషనులోనూ ఏ లోపమూ లేదు. కారణం అడిగితే ఎల్లేశాన్ని పిలవమనండి, చెబుతాడు. సోమాచారిని మాత్రం అడగకండి.