పన్నెండు కిలోల పచ్చి టమాటాలు

సాయంత్రానికి పెద్ద గాలివాన తప్పదని రేడియోలో వినగానే లైబ్రేరియన్ సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చి, నేరుగా మేడ మీదికి పరిగెత్తింది. అక్కడ పాత పెయింటు డబ్బాల్లో ఆమె పెంచుతున్న టమాటా మొక్కలు విరగకాసి ఉన్నాయి. ఒక్కటీ పండలేదు. రాలి మట్టిపాలయ్యేకంటే కోసెయ్యడమే నయమనుకుంది. తూస్తే పన్నెండు కిలోలు.

ఉండేది తనొక్కతే. అన్ని కాయలు ఏం చేసుకుంటుంది? ముక్కలు చేసి, వెనిగర్, ఉప్పు, కాస్త పంచదార వేసి ఉడికించి సీసాల్లోకి ఎత్తింది. ఆ మేడలోని ఇంటింటికీ ఒక్కో సీసా పంచింది. కింద షాపు పెట్టుకుని, దాని వెనక గదిలోనే ఉండే టైలరుకి మాత్రం రెండు.

ఆర్నెల్ల కిందట, కోటుకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టాడని ఆమె పోట్లాటకి దిగితే, అతను తాపీగా టేపుతో కొలిచి, చేతులు రెండూ సమానమేననీ, కోపంలో ఆమే ఒక పక్కకి వాలిపోయిందనీ తేల్చాడు. అప్పట్నించీ ఎదురుపడితే ఏదో ఒక ఎత్తిపొడుపు. అది వినడానికే ఆమె మెట్లు నెమ్మదిగా దిగడం నేర్చుకుంది.

అతను సీసాని వెలుతురులోకి పట్టి చూశాడు.

"విషం కాదు కదండీ?"

"తిని చెప్పండి."

"సరే, రేపు పొద్దున్న లైబ్రరీకొచ్చి రిపోర్టిస్తాను. బతికుంటే."

మర్నాడు పది దాటింది. పదకొండయింది. అతను రాలేదు. వచ్చింది పిన్ని ఫోను. వానకి మొక్కలేమయ్యాయని అడిగి, సంగతంతా విని, పిన్ని గొంతు తగ్గించింది.

"పచ్చివి విషమటే. ఎవరికీ పెట్టలేదు కదా?"

ఆమె లైబ్రరీ అల్మరాలోంచి లావుపాటి వైద్యపుస్తకం తీసి వెతికింది. పచ్చి కాయల్లో హాని చేసే పదార్థం కొంత ఉంటుందనీ, ఎక్కువ మోతాదులో తింటేనే ప్రమాదమనీ ఉంది. ఆమె కళ్ళకి 'ప్రమాదం' తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇంటింటికీ ఫోన్ చేసింది. మర్యాదకి తీసుకున్నారే గాని, ఎవరూ సీసా మూతే తియ్యలేదు. టైలరుకి చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే.

గొడుగు మర్చిపోయి వానలోనే పరిగెత్తింది. షాపు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరితే, మిషను మీద లైటు వెలుగుతోంది, సూది కింద బట్ట అలాగే ఉంది. అతను కటింగ్ బల్ల పక్కన నేల మీద కడుపు పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. ముఖమంతా చెమట. బల్ల మీద సీసాలు రెండూ ఖాళీ.

"రెండూ తిన్నారా?"

"బాగున్నాయండీ" అన్నాడు, పళ్ళు బిగబట్టి.

అతన్ని ఎలా లేపిందో, టాక్సీ ఎలా ఆపిందో తర్వాత ఆమెకి గుర్తు లేదు. దారి పొడుగునా తనే విషం పెట్టానని చెబుతూనే ఉంది. ఆసుపత్రిలో అతనికి ఏమవుతారని నర్సు అడిగినా అదే జవాబు.

డాక్టరు అతని పొట్ట కుడివైపు నొక్కి చూసింది, పరీక్షలు చేయించింది. ఆ కాస్త టమాటాలకి ఏమీ కాదనీ, ఇది అపెండిక్స్ అనీ, పగిలిపోయేలా ఉంది కాబట్టి వెంటనే ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ప్రాణం మీదికి వచ్చేదట. తప్పు తనది కాదని ఆమెకి తెలిసింది. ఇప్పుడు భయం అతని గురించి మాత్రమే.

స్ట్రెచర్ తలుపు దగ్గర ఆగినప్పుడు అతను ఆమె వేళ్ళు పట్టుకున్నాడు.

"రోజంతా సూదితో బతికేవాణ్ణి. ఇవాళ సూదిని చూస్తే భయమేస్తోంది. మీరు వెళ్ళిపోరు కదా?"

"వెళ్ళను."

"రెండూ ఎందుకు ఖాళీ చేశానో తెలుసా? సీసాలు తిరిగిచ్చే వంకతో మీ ఇంటికి రావచ్చని."

ఆమె ఏదో అనబోయేలోగా తలుపు మూసుకుంది.

కాసేపటికి, కబురందుకున్న అతని తల్లి వానలో తడిసి ముద్దయి వచ్చింది. లైబ్రేరియన్ లేచి నిలబడి, టమాటాల దగ్గర్నించి జరిగిందంతా చెప్పేసింది. ఆవిడ తిడుతుందనుకుంది. పెద్దావిడ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తన కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పే మేడ మీది అమ్మాయి నువ్వేనా అని అడిగింది. తలుపు కదిలినప్పుడల్లా ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. గంటన్నర అలాగే గడిచింది.

డాక్టరు బయటికొచ్చి గండం గడిచిందని చెప్పినప్పుడు, అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు లైబ్రేరియన్‌కి ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

అతను మత్తులోంచి మెల్లగా కళ్ళు తెరిచేసరికి మంచానికి చెరోపక్కా ఇద్దరూ ఉన్నారు.

"ఇంకెప్పుడూ నన్నిలా భయపెట్టకు. నువ్వు లేకపోతే నేనేమైపోతాను?" అంది లైబ్రేరియన్.

అతను తల ఆమెవైపు తిప్పాడు.

"'నువ్వు' అన్నారా?"

"అన్నాను."

"అమ్మా, విన్నావుగా?"

"విన్నానురా" అంది తల్లి, కొంగు పిండుకుంటూ. "పెళ్ళెప్పుడో కూడా చెప్పేస్తే, ఇంటికెళ్ళి ఈ తడిబట్టలు మార్చుకుంటాను."