కర్పూరం కింద డ్రిల్ బిట్టు

"నీకంటే ముందు వెళ్ళినవాడి మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఒక్కటే దొరికింది" అన్నారు నిఘా విభాగం చీఫ్ రాజేశ్వర్ రావు ఫోన్‌లో. "ఈసారి నువ్వు ఆయుధపూజ చేయించే పంతులువి."

చంద్రమౌళి ఫోన్‌ను చెవికి నొక్కుకున్నాడు. "డ్రిల్ బిట్ల కోసం మనుషుల్ని చంపుతారా సార్?"

"మామూలు బిట్లు కావు. కార్బైడ్ మీద డైమండ్ పూత. సైనిక హెలికాప్టర్ రెక్కల్లో కార్బన్ ఫైబర్‌కు రంధ్రాలు వేసేవి. కార్బైడ్‌లో కోబాల్ట్ ఉంటుంది. పైపొరలోని కోబాల్ట్‌ను యాసిడ్‌తో తీసేయకుండా పూత వేస్తే వజ్రం గట్టిగా పట్టదు. వాటిని తయారుచేసే ఉప్పలయ్య వర్క్‌షాప్‌లో విదేశీ ముఠా అసలువాటి బదులు అలాంటి నకిలీలను పెట్టింది. పూత లేచిన బిట్టు ఫైబర్ పొరల్ని లోపల్లోపలే చీలుస్తుంది. రెక్క గాలిలో విరుగుతుంది."

"నకిలీని గుర్తుపట్టేది ఎట్లా?"

"చూపుకు రెండూ ఒకటే. బాగా కాల్చి ఒక్కసారిగా చల్లబరిస్తే నకిలీ పొట్టు రాలుస్తుంది. నీ కర్పూరం మన ల్యాబ్‌లో చేసింది, వేడి ఎక్కువ. అక్కడ దీప్తి అని మన ఏజెంటు ఉంది. కోడ్ తెలుసుగా?"

దసరా ఉదయం. వరంగల్ శివారులో ఉప్పలయ్య వర్క్‌షాప్ బంతిపూలతో నిండిపోయింది. మిషన్లకు పసుపు, కుంకుమ. వాకిట్లో డప్పులు. అమ్మవారి పటం ముందు బిట్ల డబ్బా. గేటు దగ్గర వ్యాన్ ఇంజన్ ఆన్‌లోనే ఉంది.

పట్టుచీరలో మెరిసిపోతున్న ఇంజనీరు, బిట్లకు పూత వేయించేది, హారతిపళ్ళెం అందించింది.

"కొబ్బరికాయ ముదురుదేనా అమ్మా?" అన్నాడు చంద్రమౌళి.

"నీళ్ళు తియ్యగున్నయ్ అయ్యగారు."

కోడ్ సరిపోయింది. అతను ఊపిరి వదిలేలోపే ఆమె వెనక్కి వచ్చి నిలబడింది, మెడకు చల్లగా ఏదో తగిలింది. జడపిన్ను.

"విషం ఉన్నది" అంది దీప్తి చెవిలో, నవ్వు చెదరకుండా. "పూజ కాకుంటే ఉప్పలయ్య డబ్బా పంపడు. అందుకే నిన్ను బతకనిస్తున్న. మంత్రాలు చదువు."

చంద్రమౌళి చదివాడు. నాలుక తడబడింది. చేతిలో గంట తనంతట తానే మోగుతోంది. వేషం వేసుకుని చేసే పూజను తల్లి స్వీకరిస్తుందా? ఇంట్లో దేవుడి గూటి ముందు రోజూ చదివే నామాలు కూడా గుర్తుకు రావడం లేదు. నోరు తెరిచి నిజం చెబితే చావు. చెప్పకపోతే, ఎక్కడో ఎవరో పైలట్...

అతను పటకారుతో ఒక బిట్టును ఎత్తి కర్పూరం మంటలో పెట్టాడు.

"ఇదేం పద్ధతి పంతులు? నేనెన్నడు చూడలే" అన్నాడు ఉప్పలయ్య.

"కొత్త పనిముట్టుకు కొత్త శుద్ధి నాయనా." తల్లీ, అబద్ధానికి క్షమించు, అనుకున్నాడు.

"ఇగ కానియ్యి. వ్యాన్ పోవాలె."

మంట తెల్లగా లేచింది. బిట్టు మొన ఎర్రబడింది. అతను దాన్ని కొబ్బరినీళ్ళ గ్లాసులో ముంచాడు.

సుయ్‌మంది. నీళ్ళ మీద నల్లటి పొట్టు తేలింది.

దీప్తికి అప్పుడు అర్థమైంది. పిన్ను కదిలింది. చంద్రమౌళి హారతిపళ్ళెం భుజం మీదుగా వెనక్కి విసిరాడు. కర్పూరం ఆమె మణికట్టు మీద పడింది. పిన్ను అతని భుజం మీదుగా జారి ముందున్న గ్లాసులో పడింది. నీళ్ళు నీలమయ్యాయి.

"నా బిట్టు పొట్టు లేసుడేంది?" ఉప్పలయ్య గేటు వైపు పరుగెత్తాడు. "ఆపుండ్రి! డ్రైవర్‌ను దిగమనుండ్రి!"

డప్పులు కొడుతున్నవాళ్ళు డప్పులు పక్కన పెట్టి తుపాకులు తీశారు. వాళ్ళు చీఫ్ పంపిన మనుషులని చంద్రమౌళికి కూడా అప్పుడే తెలిసింది.

బేడీలు వేస్తుంటే దీప్తి వెనక్కి తిరిగింది. "అయ్యగారు, మంత్రం మధ్యల తప్పినవ్."

"తెల్సు బిడ్డా."

అందరూ వెళ్ళాక అతను మళ్ళీ అమ్మవారి ముందు కూర్చున్నాడు. మొదటి నుంచి, తప్పు లేకుండా చదివాడు. ఈసారి వేషమనిపించలేదు. చేతిలో గంట మాత్రం ఇంకా తనంతట తానే మోగుతోంది.