రేణుక దాచుకున్న మాట

రాత్రి డ్యూటీ దిగి లింగం ఇల్లు చేరేసరికి పొద్దున ఏడు దాటింది. ఇస్నాపూర్‌లో హైవే వెనకున్న రేకుల గదుల వరస అప్పటికే నిద్ర లేచి, బిందెల చప్పుళ్ళతో, పళ్ళు తోముకునే మనుషులతో సందడిగా ఉంది. గుమ్మంలో అతని అయిదేళ్ళ కూతురు రేణుక తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. తండ్రి మొహం వైపు కాదు, అతని చొక్కా గుండీల వైపు చూస్తోంది.

"ఏం బిడ్డా, చాయ్ తాగినవా?" అన్నాడు లింగం.

"ఏం బిడ్డా, చాయ్ తాగినవా?" అంది రేణుక. అదే గొంతు, అదే అలసట, చివర అతను దగ్గిన చిన్న దగ్గుతో సహా.

పక్క గదిలో ఉండే ఒడిశా కూలీలు పక్కున నవ్వారు. లింగం మొహం మాడిపోయింది. కూతురిని పక్కకు జరిపి లోపలికి వచ్చాడు.

"పండుకుంట. జెర సప్పుడు గాకుండ సూడు," అన్నాడు భార్యతో. "అవ్వ పదింటి బస్సుకు వస్తది. పిల్ల బట్టలు సదిరిపెట్టు."

స్టవ్ ముందున్న స్వరూప చేతిలోని గరిటె ఆగిపోయింది. "ఇయ్యాల్నేనా?"

"మరెప్పుడు? వారం కింద అనుకున్నదే గద."

"అనుకున్నది నువ్వు, మీ అవ్వ. నన్నెవలడిగిండ్రు?"

లింగం గది మధ్యన కట్టిన పాత చీర తెరను ఇవతలికి లాక్కుని అవతల పడుకున్నాడు. మందుల ఫ్యాక్టరీ వాసన మాత్రం తెర ఇవతలే మిగిలింది.

మూడేళ్ళుగా ఆ ఇంట్లో పగలంటే గుసగుసలే. లింగానికి ఎక్కువగా రాత్రి డ్యూటీలే పడేవి. అతను నిద్రపోతుంటే ఉన్న ఒక్క గదిలో గిన్నె కూడా మోగకూడదు. స్వరూప కూతురికి అన్నం తినమని చెప్పినా గుసగుసే, అల్లరి చేస్తే తిట్టినా గుసగుసే. అందుకే రేణుక మాటల్లో రెండు రకాలుండేవి. తండ్రి దగ్గర విన్నవి గట్టిగా వచ్చేవి, తల్లి దగ్గర విన్నవి ఊపిరంత మెల్లగా వచ్చేవి. ఏ మాట ఎవరిదో విన్న వెంటనే తెలిసిపోయేది.

మూడేళ్ళు నిండేదాకా రేణుకకు అసలు మాటే లేదు. ఏడో తరగతితో బడి మానేసి పదిహేడేళ్ళకే పెళ్ళి చేసుకున్న స్వరూపకు ఎవరినడగాలో తెలియలేదు. అత్త చెప్పినట్టు వసకొమ్ము అరగదీసి, తేనె కలిపి పిల్ల నాలుకకు రాసింది. మాటలు రావాలని పసికందులకు ఒకటి రెండుసార్లు రాసే వస అది. స్వరూప ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం రాసింది. ఒకరోజు పిల్ల నోరు విప్పింది. ఆ సంతోషానికి స్వరూప వరసలోని గదులన్నింటికీ చక్కెర పంచింది. నాలుగు రోజులు గడిచాక గానీ తెలియలేదు, పిల్ల మాట్లాడడం లేదని, ఎవరు ఏదంటే అదే తిరిగి అంటోందని. కొన్ని అప్పటికప్పుడు, కొన్ని నెలలు పోయాక. ఒక మాట పట్టుకుంటే నలభైసార్లు అనేది.

పట్నంలో డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు. ఆయన గంటసేపు చూసి, "దీన్ని ఆటిజం అంటారమ్మా. మందు లేదు. అన్నమాటే అనడం కూడా ఈ పిల్లకు మాట్లాడడమే. ఊరికే అనరు. ఏ మాట ఎప్పుడంటుందో చూసుకోండి," అన్నాడు. లింగం చెవిలో 'మందు లేదు' అన్న ఒక్క ముక్కే మిగిలింది.

కిందటి వారం బడిలోనూ అంతే అయింది. నాలుగు గదుల బడి నడిపే హైమావతి టీచరు రేణుకను దగ్గరకు పిలిచి, "నీ పేరేంటమ్మా?" అంది. "నీ పేరేంటమ్మా?" అంది రేణుక. "ఇదేం రంగు?" అంటే "ఇదేం రంగు?" అంది. బల్లల మీది పిల్లలంతా అదే పాట అందుకున్నారు. టీచరు స్వరూపను వసారాలోకి తీసుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "నాకు కోపం లేదమ్మా. మా గోదావరి జిల్లాలో మా పెదనాన్న మనవడు ఇలాగే ఉండేవాడు. కానీ ఇక్కడ నలభై మంది ఉన్నారు. నేనేం చెయ్యను చెప్పు?"

'ఉండేవాడు' అన్న మాట దగ్గరే స్వరూప మనసు ఆగిపోయింది. ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడని అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ సాయంత్రమే లింగం ఎస్టీడీ బూతుకు పోయి కొండాపూర్ దగ్గరి తన ఊరికి ఫోన్ చేశాడు. పిల్లను నానమ్మ దగ్గర ఉంచాలని తేల్చేశాడు.

పదిన్నరకు నర్సింహమ్మ వచ్చింది. కొంగులో మూట కట్టిన జొన్నరొట్టెలు మనవరాలి చేతిలో పెట్టి, "గుర్తువట్టినవా అవ్వా?" అంది.

"గుర్తువట్టినవా అవ్వా?" అంది రేణుక.

"పట్టిన తల్లీ, పట్టిన," అని ముసలామె నిట్టూర్చి గోడకు చేరగిలబడింది. అలికిడికి లింగం తెర తొలగించి లేచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బట్టలేవి?" అన్నాడు.

"సదరలే," అంది స్వరూప.

"ఎందుకు సదరలే?"

"నేను పంప."

నర్సింహమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఏందే పిల్లా, నేనేమన్న పులినా? చేను కాడ ఆడుకుంటది, బర్లెంబడి తిరుగుతది. ఈడ గీ రేకుల కింద ఏమున్నది? ఇంకొకల్లను కనుండ్రి, ఇల్లు నిలవడుతది."

"దీన్ని పడేసి ఇంకొకల్లను కనాల్నా అత్తమ్మా?"

"పడేసుడంటవేంది? అసలు చేసింది నువ్వు. ఒక్కపారి వస రాయుమని నేను జెప్తే ఏడాది పొడుగున రాసినవ్. మాట రాక రాక వచ్చి గిట్ల ఆగకుండ అయింది."

ఆ మాట స్వరూప గుండెల్లో దిగింది. రోజూ తనలో తాను అనుకునేదే అది. పైకి ఎవరూ అనలేదు కాబట్టి నిజం కాదేమోనని ఇన్నాళ్ళు బతికింది.

"అవ్వా, నువ్వూకో," అని లింగం భార్య వైపు తిరిగాడు. "సూడు, నాకు మాత్రం బిడ్డ మీద పాయిరం లేదా? బయటికి తీస్కపోతే అందరు నవ్వుతుండ్రు. ఎవలేమంటె గదే అంటది. ఎక్కిరించినట్టే ఉంటది. నాకు శాతనైతలేదు."

"అది ఎక్కిరిస్తలేదు," అంది స్వరూప. మూడేళ్ళలో మొదటిసారి పగటిపూట ఆ గదిలో ఆమె గొంతు పైకి లేచింది. "నీకు తెల్వదు. పానం బాగలేకుంటే 'గోళీ మింగు బిడ్డా' అంటది. గట్లన్ననాడు ఒళ్ళు వట్టి సూస్తే కాలిపోతుంటది. మంది ఎక్కువైతే 'జరుగుండ్రి, ముందల్కి జరుగుండ్రి' అంటది, బస్సుల కండక్టరు అన్నమాట. భయమైతుందన్నట్టు. గివన్నీ ఊర్ల ఎవలకు తెలుస్తయి? జరమొచ్చి గోళీ గోళీ అనుకుంట పడి ఉంటే అత్తమ్మ నవ్వుకుంట బర్రెకు గడ్డేస్తది."

"గివన్నీ నాకెప్పుడు జెప్పినవ్?"

"నువ్వెప్పుడు మెలకువల ఉన్నవ్?"

లింగం గొంతు హెచ్చింది. "నేనేమన్న తాగి పండుకుంటున్ననా? మీ కోసం రాత్రిళ్ళు ఆ డ్రమ్ముల నడుమ చస్తున్న! డ్యూటీల నీ బిడ్డెట్లుందని అడిగితే ఏం జెప్పాల్నో తెల్వక ఊర్ల ఉన్నదని ఎప్పుడో జెప్పిన!"

"ఊర్ల ఉన్నదన్నవా? ఈడున్న పిల్లను?"

"అన్న! ఏం జేస్తవ్?"

ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు. నర్సింహమ్మ "ఊకోండ్రి, ఊకోండ్రి" అంటోంది. ఎవరూ గమనించకుండానే రేణుక బియ్యం డ్రమ్ము పక్కకు చేరి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తన జుట్టును తనే అరచేత్తో పై నుంచి కిందికి నిమురుకుంటోంది. పెదవులు కదిలాయి. ముగ్గురూ ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో ఆ గుసగుస వినపడింది.

"మనిద్దరం సచ్చిపోదామా బిడ్డా? ఎవలకు బరువుండం."

హైవే మీద లారీ పోతున్న మోత రేకుల్ని అదిరించి వెళ్ళిపోయింది.

"మనిద్దరం సచ్చిపోదామా బిడ్డా? ఎవలకు బరువుండం." జోలపాట పాడినట్టు, ఎంతో ప్రేమగా, మళ్ళీ అంది.

లింగం కూతురి వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. గట్టిగా వచ్చి ఉంటే ఎక్కడో విన్నదనుకునేవాడు. ఊపిరంత మెల్లగా వచ్చిన మాట ఆ ఇంట్లో ఒక్కరిదే.

"ఎన్నిసార్లన్నవ్?" అన్నాడు. ఆ గొంతు అతనిది కాదన్నట్టు ఉంది.

స్వరూప నేల మీద కూలబడింది. "లెక్కవెట్టలే. నువ్వు పండుకున్నంక... ఇద్దరమే ఉంటం గద. ఎవలతోని అనాల్నో తెల్వక దానితోని అన్న. దానికి తెల్వదనుకున్న."

"నేను గీడ్నే పండుకోని ఉంటి గదనే. తెర అవతల్నే!"

"నిన్ను లేపద్దని మెల్లగన్న."

లింగం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నర్సింహమ్మ మాత్రం గబుక్కున లేచి మనవరాలి చెయ్యి పట్టుకుంది. "లే అవ్వా, లే! ఇగ ఒక్క దినం గూడ ఈడ ఉంచ. తల్లేనా ఇది? పిల్లను మింగుతది!"

అడ్డుపడే హక్కు తనకు ఆ మాటతోనే పోయిందనుకుంది స్వరూప. అత్త చెప్పిందే నిజమేమో, తన దగ్గర ఉండడమే పిల్లకు ప్రమాదమేమో అనుకుంది. అంతసేపూ పట్టుకున్న పట్టు ఆ క్షణంలో వదిలేసింది. "తీస్కపో అత్తమ్మా," అంది నేల వైపు చూస్తూ.

కానీ రేణుక నానమ్మ చెయ్యి విదిలించుకుంది. నేల మీద కూర్చున్న తల్లి దగ్గరకు వచ్చి, ఆమె ఒళ్ళో వీపు ఆనించి కూర్చుంది. తల్లి అరచేతిని తన రెండు చేతులతో ఎత్తి తన తల మీద పెట్టుకుంది. "మనిద్దరం సచ్చిపోదామా బిడ్డా?" అంది, చెయ్యి కదలకపోయేసరికి ఇంకొంచెం తొందరపెడుతున్నట్టు.

అప్పుడు తెలిసింది స్వరూపకు. ఆ మాట అన్న ప్రతిసారీ తను ఏం చేసింది? పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. కొంగు కప్పింది. తల నిమిరింది. మిగతా రోజంతా వంట, ఉతుకు, నీళ్ళు, నోరు మూసుకోమని సైగలు. పిల్లకు ఒడి దొరికింది ఆ మాట వెంటనే. చావంటే ఏమిటో దానికి తెలియదు. ఒళ్ళో కూర్చోబెట్టుకొమ్మని అడగడానికి దాని దగ్గరున్న మాట అదొక్కటే.

"ఎత్తుకోమంటుంది," అంది స్వరూప, ఏడుపులో మాట విరిగిపోతుండగా. "నేనే నేర్పిన. ఎత్తుకోమనుటానికి గీ మాట నేర్పిన నా బిడ్డకు."

లింగం వచ్చి భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. ఓదార్చడం అతనికి చేతకాదు. రేణుక తల మీద ఉన్న స్వరూప చేతిపై తన చెయ్యి పెట్టి, తనూ నిమరడం మొదలుపెట్టాడు.

"అవ్వా," అన్నాడు కాసేపటికి. "పిల్ల యాడికి రాదు. దాన్ని తీస్కపోతే స్వరూప బతకదు. నాకు తెల్వకపోయే."

నర్సింహమ్మ నిలబడి ఇద్దరినీ చూసింది. ఆ గదిలో ఎన్నడూ ఒక్క రాత్రికి మించి ఉండని మనిషి, గుమ్మంలో విడిచిన చెప్పులు తెచ్చి గోడవార పెట్టింది. "నేను గూడ పోను. ఒక్కదాన్ని ఇడిస్తె గిట్లనే అయితది. యేడ పండుకోమంటవో సెప్పు పిల్లా," అంది. అది క్షమాపణో కాదో స్వరూపకు అర్థం కాలేదు.

రేణుక మారలేదు. లింగం బతిమాలి పగటి డ్యూటీ వేయించుకున్నాక తెర తీసేశారు. గదిలో గొంతులు మామూలుగా వినిపించసాగాయి. కానీ ఆ మాట మాత్రం పోలేదు. దాని చోట వేరే మాట పెట్టాలని భార్యాభర్తలిద్దరూ ఎన్నో విధాల ప్రయత్నించారు. పిల్లను ఎత్తుకున్న ప్రతిసారీ లింగం "నాయిన కాడికి రా బంగారం" అని పదే పదే అనేవాడు. రేణుక వినేది. అనేది కాదు. గుండెలో పడ్డదాన్ని తీసేసే విద్య ఎవరి దగ్గరా లేదు. రోజుకు రెండుసార్లో మూడుసార్లో, స్వరూప తన నిరాశను తన కూతురి గొంతులో వినాల్సి వచ్చేది. విని, ఒడి చాపాల్సి వచ్చేది.

దసరా ముందు పటాన్‌చెరు అంగట్లో ఒక సాయంత్రం జనం తోసుకుంటున్నారు. రేణుక చెవులు మూసుకుంది. చుట్టూ అరుపుల మధ్య ఆ గుసగుస మొదలైంది. కూరగాయల గంప ముందు కూర్చున్న ముసలామె విని అదిరిపడింది.

"అయ్యో, పసిపిల్ల నోట్లకెల్లి ఏం మాటలు కొడుకా అవి? ఏమంటుంది?"

స్వరూప తల వంచుకుంది. లింగం చేతిలోని సంచి కింద పెట్టి, అంతమంది చూస్తుండగా అంగడి మట్టిలో కూలబడి, కూతురిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఎత్తుకోమంటుందవ్వా," అన్నాడు.