రెండు చేతులతో అందుకున్న కప్పు

ఆ ఉదయం మూన్‌గిల్ స్టవ్ మీద మేకు ఎర్రగా కాల్చి, తన బెల్టుకు కొత్త బెజ్జం పొడిచాడు. కాలిన తోలు వాసనకు భార్య ఒక్‌బున్ వెనక్కి తిరిగి చూసింది. బెజ్జం బెల్టు కొసకి రెండు వేళ్ల దూరంలో ఉంది. ఆ తర్వాత పొడవడానికి ఇక చోటు లేదు.

తను పనిచేసే తోలు సంచుల కార్ఖానా మూతపడ్డాక, యాభై రెండేళ్ల వయసులో అతను ఇంచియాన్ నగరంలోని పాత అపార్టుమెంట్లకు వాచ్‌మన్‌గా చేరాడు. మూడు నెలలకొకసారి ఒప్పందం కాగితం మార్చే ఉద్యోగం. రెండు నెలల కిందట రక్తపరీక్షలో షుగర్ అంచుల్లో ఉందని తేలింది. వచ్చే నెల మళ్ళీ పరీక్ష. అది దాటిందంటే కంపెనీ కాగితం మార్చదు. రోగిష్టి వాచ్‌మన్‌ని ఎవరు ఉంచుకుంటారు? వాకిట్లో నిలబడ్డానికి కూడా ఆరోగ్యం చూసే రోజులివి.

ఆ రోజునుంచి ఒక్‌బున్ వంటిల్లు తిరగరాసింది. తెల్లన్నంలో సగం బార్లీ కలిపింది. పంది మాంసం మానేసింది. అన్నమంతా చారులో కుమ్మరించి అయిదు నిమిషాల్లో మింగే మొగుడికి చిన్న చెంచా ఇచ్చి, నమిలి తినమంది. కూతురు హారం తన మొదటి జీతంతో బరువు తూచే మిషను కొనిచ్చింది. ఇంత చేస్తే, రెండు నెలల్లో అతను రెండు కిలోలు పెరిగాడు.

ఒక్‌బున్‌కి అది తన చేతికి జరిగిన అవమానం. తన వంట మీద ఆమెకు అనుమానం ఎప్పుడూ లేదు. మూన్‌గిల్ టీవీ చూస్తూ ఒంటి చేత్తో అన్నం గిన్నె లాక్కుంటుంటే, ఆమె ఆ గిన్నెని వదల్లేదు.

"బయట ఏం తింటున్నారు?"

"ఏమీ తినటం లేదు."

"నేను గడ్డి పెడుతున్నాను, మీరు ఊరుతున్నారు. గడ్డి తిని ఒళ్లు చేసేది ఎద్దొక్కటే."

"ఎద్దుకి కొమ్ములైనా ఉంటాయి. నాకు అవీ లేవు," అని మూన్‌గిల్ లేచి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్న భోజనం డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

పది గంటలకి ఒక్‌బున్ ఆ డబ్బా పట్టుకుని బస్సెక్కింది. డబ్బా ఒక సాకు. ఏ కొట్టు దగ్గర వేయించిన కోడి తింటూ దొరుకుతాడో చూడాలని ఆమె పట్టుదల. అపార్టుమెంట్ల గేటు లోపల, పాత సామాను వేరుచేసే షెడ్డు చాటున నిలబడింది.

వాచ్‌మన్ గది అద్దాల్లోంచి మొగుడు కనబడుతున్నాడు, కుర్చీలో కూలబడి. ఒకావిడ బయటికి వెళ్తూ కాగితం కప్పు ఇచ్చింది. మూన్‌గిల్ లేచి, నడుం వంచి, మర్యాదగా రెండు చేతులతో అందుకున్నాడు. ఆమె ఎదుటే చివరి చుక్కదాకా తాగి, బాగుందన్నాడు. మళ్ళీ కూలబడ్డాడు. పావుగంటకి రిటైరైన మేష్టారొకాయన ఇంకో కప్పు తెచ్చాడు. మళ్ళీ నడుం వంగింది. గంటలో నాలుగు కప్పులు. అన్నీ పంచదార, పాలపొడి, కాఫీ కలిసి వచ్చే పొట్లం కాఫీలే. ఇంట్లో గ్లాసు నీళ్లకైనా లేవని నడుం ఇక్కడ గంటకి నాలుగుసార్లు వంగుతోంది.

ఒక్‌బున్ వెళ్లి డబ్బా కిటికీలో పెట్టింది. రోజుకెన్ని అని మాత్రం అడిగింది.

"తొమ్మిది. శనివారం పదకొండు," అన్నాడతను తల దించుకుని. తనకి ముందున్న వాచ్‌మన్ సంగతి అప్పుడు చెప్పాడు. కడుపులో మంటని అతను కాఫీ వద్దన్నాడట. మనిషికి పొగరని ఇళ్లవాళ్ల మీటింగులో అన్నారు. అతని కాగితం మారలేదు. "వద్దంటే పొగరంటారు, తాగితే షుగరంటారు. నన్నేం చెయ్యమంటావు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దు అనే హక్కు కూడా లేని ఉద్యోగమని పెళ్ళానికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అప్పుడే మూడో అంతస్తు అవ్వ నడకకి ఆసరాగా చక్రాల బండి తోసుకుంటూ వచ్చింది. ఎనభై ఏడేళ్లు, ఆ ఆవరణలో అందరికన్నా పెద్ద. బండి బుట్టలో ఒలక్కుండా ఒక కప్పు. మూన్‌గిల్ లేచాడు. ఒక్‌బున్ అతనికన్నా ముందు రెండు చేతులూ చాచి, కప్పు తను అందుకుంది.

"అవ్వా, నేను ఈయన ఇంటిదాన్ని," అని కప్పుతోనే నడుం వంచి, రెండు నెలలుగా సంచిలో మోస్తున్న రక్తపరీక్ష కాగితం తీసింది. ఒక్క పరుషమైన మాట అనలేదు. గొంతు మాత్రం తగ్గించలేదు. "మీ అభిమానం గొప్పదే. ఈయన ఒళ్లే చిన్నది, అంతా పట్టటం లేదు."

అవ్వ కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. బెంచీ మీద కూర్చుంది.

"నాకు పన్నెండేళ్లుగా షుగరు. కోడలు పొట్లాలు దాచేస్తుంది. నేను వెతికి తీసి, కలిపి, ఇతని దగ్గరికి తెస్తాను. ఇతను తాగుతుంటే ఆ వాసన చూసి వెళ్తాను. నాకు వద్దన్న విషాన్ని రోజూ తెచ్చి ఇతనికి పోశానన్నమాట." ఆమె మూన్‌గిల్ వైపు తిరిగింది. "నోరు లేదా నీకు?"

"మీ మందుల పార్సెల్ తీసుకునేది నేనే కదా అవ్వా. మీకు షుగరని తెలుసు." అతను టోపీ తీశాడు. "నేను తాగేదాకా కదలరు. ఆ రెండు నిమిషాలూ మీ మొహం చిన్నపిల్ల మొహంలా ఉంటుంది. మిగతావాళ్లవి భయంతో తాగాను. మీదొక్కటి భయంతో తాగలేదు."

ఒక్‌బున్ కప్పు కిటికీలో పెట్టేసింది. పిరికివాడనుకుంది, తిండిపోతనుకుంది. తను పట్టుకోవాలనుకున్న దొంగ ఈయన కాదు. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి ఎదుట ఏడవని మనిషి, గేటు దగ్గర నలుగురూ చూస్తుండగా కళ్లు తుడుచుకుంది.

మర్నాడు అవ్వ బుట్టలో రెండు కప్పులు వచ్చాయి, రెండింట్లోనూ బార్లీ నీళ్లు. పెద్దావిడ అదే పోస్తుంటే, ఆమె ముందు పంచదార కప్పు పట్టుకుని రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పైగా బండికి తోడు రమ్మని ఆమె రోజూ అతన్ని ఆవరణ చుట్టూ రెండు చుట్లు తిప్పించేది. అతను బార్లీ నీళ్లు బాగున్నాయంటే, "అబద్ధాలాడకు, దీనికి రుచేముంది," అని కసిరేది.

పరీక్షలో షుగరు అంచు దాటలేదు, కాగితం మారింది. ఒక ఉదయం బెల్టు పాత బెజ్జంలోకి వచ్చింది. ఒక్‌బున్ అది చూసింది. బార్లీ అన్నం మీద ఒక చెంచా తెల్లన్నం పెట్టింది. మూన్‌గిల్ టీవీ కట్టేశాడు. గిన్నెని రెండు చేతులతో అందుకున్నాడు.