తెల్లముగ్గు పతకం

హైమవతి మల్లెల వీధిలో అడుగుపెట్టేసరికి ఆనాటి వెలుగుముగ్గు ఇంకా పరుచుకుంటూనే ఉంది. స్తంభాలకు అమర్చిన కాంతిగొట్టాలు రోడ్డు మీద చుక్కలు పెట్టి, మెలికల గీతలతో ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతున్నాయి. గోదావరి ఒడ్డునున్న ఈ నగరంలో పిండిముగ్గు వేసే ఓపిక ఇప్పుడెవరికీ లేదు. ఇంటికొక చుక్క, వీధికొక ముగ్గు. ఇవాళ కూడా ముగ్గంతా తెల్లగా మెరిసిపోతోంది. హైమవతి ఆ గీతలను తొక్కుకుంటూ చెల్లెలి ఇంటివైపు విసవిసా నడిచింది.

ఈ ముగ్గును రూపొందించిన చిత్రకారిణి ఆమే. ప్రతి ఇంటి గోడలోనూ శనగగింజంత ఆర్తిగ్రాహి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా దెబ్బ తిని అరిస్తే ఆ గొంతులోని భయాన్ని అది పసిగడుతుంది. మర్నాడు పొద్దున వీధిముగ్గులో ఒక గీత ఎర్రబడుతుంది. ఏ ఇల్లో రక్షణ కేంద్రానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తమ వీధిలో ఎవరో దెబ్బలు తింటున్నారని అందరూ గుర్తించాలి, వెళ్లి తలుపు తట్టాలి. ఆమె ఆశించింది అదే.

తలుపులు తట్టిన మాట నిజమే. ఎర్రగీత కనబడిన రోజున ఆడవాళ్లంతా కలిసి అనుమానమున్న ఇంటికి వెళ్లి, "కాస్త నోరు అదుపులో పెట్టుకోమ్మా, వీధి పరువు పోతోంది" అని చెప్పి వచ్చేవారు. వాకిట్లో ముగ్గును చూసి ఇల్లాలి గుణం లెక్కగట్టే జనం, ఆ ముగ్గులో ఎరుపు కనిపిస్తే ఇల్లాలినే తప్పుపడతారు. అంత చదువుకున్న హైమవతికి ఈ చిన్న సంగతి తట్టకపోవడమే విడ్డూరం. పైగా ఏడాదంతా ఎరుపు లేని వీధికి తెల్లముగ్గు పతకమని నగరపెద్దలు మరో వేడుక తగిలించారు. పసిపిల్లల మారాం ఏదో, నిజమైన భయం ఏదో యంత్రానికి తెలుసని ఆమె మొత్తుకున్నా వినేవారు లేరు. పిల్లల నోళ్లు కూడా మూయించారు.

చెల్లెలు కనకవల్లి తలుపు తీసింది. ఎడమ బుగ్గ వాచి, పసుపు పూసి ఉంది. ఆమె భర్త ప్రభాకరం అప్పటికే పనికి వెళ్లిపోయాడు. వాళ్ల ఆరేళ్ల కూతురు లాస్య తలుపు వెనక నిలబడి ఆడుకుంటోంది.

"కేంద్రానికి వెళ్లొచ్చానే," అంది హైమవతి. "మీ ఇంటి నుంచి ఒక్క ఎర్రగీత కూడా లేదట. సాక్ష్యం లేకుండా నువ్వు బయటికొచ్చేస్తే పాపను వాళ్ల నాన్న దగ్గరే ఉంచుతారట."

"పాపను వదిలి నేను రాలేనక్కా."

"అందుకే చెబుతున్నాను. ఈసారి చెయ్యెత్తినప్పుడు అరవవే. ఒక్కసారి చాలు. నీ కాళ్లు పట్టుకుంటాను."

కనకవల్లి తల అడ్డంగా ఊపింది. "నిన్న కూడా అనుకున్నాను. గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. కొంగు నోట్లో కుక్కుకోవడం మా పక్కింటి తులసమ్మగారే నేర్పారు. ఇప్పుడు కొంగు కూడా అక్కర్లేదు."

"పోనీ ఇప్పుడే అరిచెయ్యి!"

"నటనైతే పట్టేస్తుందని నువ్వే చెప్పావుగా."

హైమవతి తల పట్టుకుంది. ఎవరూ మోసం చేయకూడదని ఆ కట్టుదిట్టం పెట్టించింది తనే. ఇప్పుడు సొంత చెల్లెల్ని కాపాడుకునే దారి కనబడక ఆమెకు ఏడుపొచ్చింది.

అంతలో తులసమ్మ గుమ్మంలోకి తొంగిచూసింది. "హైమవతిగారా! ఈ ఏడు కూడా పతకం మా వీధికేనండీ. అంతా మీ చలవ," అని మురిసిపోయి, కనకవల్లి బుగ్గ కనబడనట్టే చూపు తిప్పుకుంది. "మాటలు బయటికి వినబడుతున్నాయమ్మా," అంటూ తలుపు గట్టిగా లాగి వెళ్లిపోయింది.

లాస్య వేళ్లు తలుపు సందులో ఇరుక్కున్నాయి. ఆ సంగతి కాసేపటి దాకా ఎవరికీ తెలియలేదు. తిరిగి చూసేసరికి పాప ముఖం కందిపోయి ఉంది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. రెండో చేత్తో తన నోరు తానే గట్టిగా నొక్కి పట్టుకుంది.

కనకవల్లి ఒక్క ఉదుటున తలుపు తీసి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. నలిగిన వేళ్లు నల్లబడుతున్నాయి. "ఏడువమ్మా, ఏం కాదు, గట్టిగా ఏడువు," అని బతిమాలింది. "ఏడువు నా తల్లీ," అంటూ హైమవతి ఆ చిన్న చేతిని నోటి మీద నుంచి తీసింది.

పాప తల్లిని చూసింది, పెద్దమ్మను చూసింది. నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్లీ తెరిచింది.

"గట్టిగా ఎలా ఏడవాలి పెద్దమ్మా?" అని గుసగుసగా అడిగింది.